రోగి మంచము చెంతకు వచ్చునది యెవరు?



చరకసంహిత సూత్రస్థానమున నొక చిన్న అధ్యాయము కలదు. చికిత్సకు నాలుగు పాదములని యందు చెప్పబడినది: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి దగ్గరనుండి ఉపచారము చేయు మనుజుడు. ఆ ఉపస్థాతకు నాలుగు గుణము లుండవలెనని ఆచార్యుడు విధించెను. ఉపచారజ్ఞత, అనగా చేయవలసిన పని తెలిసియుండుట, దాక్ష్యము, అనగా ఆ పనిని నేర్పుతో చేయగలుగుట, అనురాగము, శౌచము. ఇందు మొదటిది తెలివియే గాని ప్రేమ గాదని మేము చాలకాలము గమనింపలేదు. గమనించునట్లు చేసినది మా యింట జరిగిన యొక సంగతి.

మా చిన్ననాట మా పుట్టినింట ఉపస్థాత యెవరని యడుగ నక్కర లేకుండెను. కోడలో, కూతురో, ఇంటనున్న మేనత్తయో, ఎవరో యొకరు రాత్రులు మేలుకొని కూర్చుండెడివారు. ఇప్పుడు కుటుంబములు చిన్నవయ్యెను. కోడలు ఉద్యోగమునకు పోవుచున్నది. కూతురు పరదేశమున నున్నది. ఆస్పత్రివారు మూడవనాడే రోగిని ఇంటికి పంపివేయుచున్నారు. కావున ఉపస్థాత టెలిఫోనున పిలిచిన వచ్చుచున్నది. పిలుపు నందుకొని మనిషిని పంపి, ఆ మనిషి కూలిలో తన భాగము తీసికొనువాడు ఏజెన్సీవాడు. అట్టి ఏజెన్సీలు నేడు పట్టణములందే గాక చిన్న ఊళ్లయందును వెలసినవి.

గడచిన వేసవిలో మా అత్తగారు పెరటిమెట్ల కడ కాలుజారి పడగా తుంటియెముక విరిగెను. శస్త్రచికిత్స చేయించి ఇంటికి తెచ్చితిమి. ఆమెకు పదియేండ్లుగా చక్కెరవ్యాధి. ఆస్పత్రిలో మాత్రలు మాన్పించి ఉదయసాయంకాలములు 12 యూనిట్ల చొప్పున ఇన్సులిన్ సూది వేయవలెనని వ్రాసి యిచ్చిరి. మావారు పాఠశాలకు పోవలెను, పిల్లలు చిన్నవారు, బరువైన మనిషిని ఒంటిగా లేవనెత్తుట మావలన గాలేదు. కావున ఒక ఏజెన్సీకి ఫోను చేసితిమి. మరునాడే తెల్లకోటు తొడిగికొని యొక అమ్మాయి వచ్చెను. ఇరువదియేండ్ల ప్రాయము, నెమ్మది గలది. అత్తగారికి తల దువ్వుట, ఒడలు తుడుచుట, అన్నము కలిపి నోటికందించుట, ఇవన్నియు ఎంత యోపికతో చేసెనో చెప్పజాలము. ఆమె వచ్చిన తరువాత మేము వారమురోజులకు తొలిసారిగా కంటినిండ నిద్రపోతిమి.

అయిదవనాడు మందులదుకాణమున క్రొత్త సిరంజిలు తెచ్చితిమి. సంగతి మాకు తరువాత తెలిసినది గాని, చదువరులకు ముందే చెప్పుదుము. ఇన్సులిన్ మందు మన దేశమున ముఖ్యముగా రెండు బలములలో దొరకును. ఒకదానిలో ఒక మిల్లీలీటరునకు 40 యూనిట్లు, రెండవదానిలో 100 యూనిట్లు. దేని సిరంజి దానిదే. 40కి తగిన సిరంజికి ఎఱ్ఱమూత, 100కు తగినదానికి నారింజమూత. మా యింటనున్న సీసా 100 బలముగలది. దుకాణమువాడిచ్చినది ఎఱ్ఱమూత సిరంజి. ఆ అమ్మాయి 12 గీతవఱకు మందు లాగెను. కంటికి అది పండ్రెండే. ఒంటిలోనికి పోయినది ముప్పది. రెండున్నర రెట్లు!

పదిగంటల వేళకు అత్తగారికి చెమటలు పట్టెను. మాట తడబడెను. మమ్ము చూచి తన చెల్లెలి పేర పిలిచిరి. అలసటయేమోయని మేమనుకొంటిమి. ఆ అమ్మాయి విసనకఱ్ఱతో విసరుచు కన్నీరు పెట్టుకొనెను గాని ఏమిచేయవలెనో యెఱుగదు. దైవవశమున ప్రక్కవీథి ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు నర్సమ్మ పసిపిల్లల టీకాలకై ఆ పూట మావీథికి వచ్చియుండెను. ఆమె లోనికి వచ్చి చేయి పట్టిచూచి, "చక్కెర ఏదమ్మా? ముందు చక్కెరనీళ్లు తెండు" అనెను. స్పృహ యుండుటచేత త్రాగగలిగిరి. అరగంటకు తేరుకొనిరి. సీసాను, సిరంజిని ప్రక్కప్రక్కన నుంచి మాకు చూపినది ఆమెయే. ఇంకొక గంట ఆలస్యమైనచో ఏమయ్యెడిదో తలపోయుటకు నేటికిని మాకు ధైర్యము చాలదు.

ఆ సాయంకాలము ఆ అమ్మాయిని వంటయింటిలోనికి పిలిచి, "అమ్మాయీ, నీవు ఎక్కడ చదివితివి?" అని యడిగితిమి. ఆమె తలవంచుకొని, "అమ్మగారూ, నేను నర్సును కాను. పదవ తరగతి చదివినాను. ఎనిమిది దినములు ఆఫీసులో చూపించినారు. కోటు వారే యిచ్చినారు. నర్సునని చెప్పమన్నారు" అనెను. మేము దినమునకు ఇచ్చు సొమ్ములో మూడవపాలు ఏజెన్సీవారు తీసికొందురట. పదవ తరగతి యోగ్యతాపత్రము వారి బీరువాలో నున్నదట. నడుమ మానివేసినచో తిరిగి యీయరట. కోపముతో పిలిచిన మేము ఆమె యెదుట సిగ్గుపడితిమి. తప్పు చేసిన చేయి ఆమెదే గాని, ఆ చేతికి సూది నిచ్చినవారు వేఱు.

మావారు మరునాడు ఆ కార్యాలయమునకు పోయిరి. గోడకు అద్దపుచట్రములో నొక ప్రభుత్వపత్రము వ్రేలాడుచుండెను. దగ్గరకుపోయి చదువగా అది దుకాణముల చట్టము క్రింద ఇచ్చిన నమోదుపత్రము. బట్టలకొట్టునకును అదియే, పచారీకొట్టునకును అదియే. "మేము మనిషిని పంపుదుమే గాని వైద్యము చేయము, సూది వేయించుకొనుట మీ యిష్టము" అని యజమాని చెప్పెనట. ఎవరిని నిలదీయవలెనో మావారికి తోచలేదు. దుకాణమువాడు సిరంజి యిచ్చెను. ఆస్పత్రివారు చీటి వ్రాసిరి. ఏజెన్సీవాడు మనిషిని పంపెను. అమ్మాయి సూది వేసెను. నలుగురిలో జవాబుదారి యొక్కరును లేరు.

ఈ సంగతి మా ఆడుబిడ్డ కూతురు ఫోనులో వినెను. ఆమె ఇంగ్లండున నొక ప్రభుత్వాస్పత్రిలో నర్సు. తన అమ్మమ్మకు జరిగినది విని చాలసేపు మాటాడలేదు. తరువాత, "అత్తయ్యా, ఆమె చేతిలో ఏమైన కాగితమున్నదా, ఎవరైన చూచితిరా?" అని మాత్ర మడిగెను. మేము చూడలేదు. కూరగాయలు కొనునపుడు వంకాయను త్రిప్పిత్రిప్పి చూచు మేము, అత్తగారి ప్రాణము నప్పగించునపుడు తెల్లకోటు చూచి తృప్తిపడితిమి. ఆ మాట మా మనసున నాటుకొనెను. ఆ దేశమున ఇట్టి ఏజెన్సీలను ప్రభుత్వము ఎట్లు కట్టడి చేసినదో ఆమె చెప్పగా కొంత, ఆ చట్టములు చదివి కొంత తెలిసికొంటిమి. మన గృహిణులకు పనికివచ్చునని యిచ్చట వ్రాయుచున్నాము.

ఇంగ్లండున నర్సు అను పేరు మొదట ఎవరైనను పెట్టుకొనదగినదే. ఎవరు నేర్చినవారు, ఎవరు కారు అని తెలుపు జాబితా ఉండవలెనని 1887లో ఏర్పడిన బ్రిటిష్ నర్సుల సంఘము పోరాడసాగెను. దానికి ముందు నిలిచినది ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ అను వనిత. విశేష మేమనగా, లోకమంతయు కొనియాడు ఫ్లారెన్స్ నైటింగేలు ఈ జాబితాను వ్యతిరేకించెను. పరీక్షతో గుణమును కొలువజాలమని ఆమె వాదము. ఆచార్యుడు చెప్పిన అనురాగము, శౌచము పరీక్షకు లొంగవనుట నిజమే. కాని ఉపచారజ్ఞత లొంగును. ముప్పదిరెండేండ్ల వాదప్రతివాదముల పిమ్మట 1919లో నర్సుల నమోదు చట్టము వచ్చెను. 1921లో ఆ జాబితా తెరువగా మొదటి పేరు ఫెన్వికమ్మదే.

జాబితా వచ్చినంతమాత్రమున ఏజెన్సీల తంటా తీరలేదు. నమోదైన నర్సు ఇతడు పంపునా, నమోదుకాని స్త్రీని పంపునా యని ఇంటివారి కెట్లు తెలియును? రెండవ ప్రపంచయుద్ధము నడుచుచుండగా, నర్సుల కఱవు మిక్కుటమైన వేళ, 1943లో మఱియొక చట్టము చేసిరి. అందు రెండు పనులు చేసిరి. మొదటిది, యోగ్యత లేనివారు నర్సు అను పేరు వాడరాదనిరి. పసిపిల్లల నాడించు దాదులకు మాత్రము ఆ పేరు విడిచిరి. రెండవది, నర్సులను పంపు ఏజెన్సీలకు లైసెన్సు విధించిరి. ఆ విధులనే 1957లో నర్సుల ఏజెన్సీల చట్టమను పేర వేఱుగా కూర్చిరి.

ఆ 1957 చట్టము మిక్కిలి చిన్నది. కాని ఇంటనుండు స్త్రీ యెవతెయో ప్రక్కన కూర్చుండి వ్రాయించినట్లున్నది. స్థానికాధికారుల లైసెన్సు లేక ఏజెన్సీ నడపరాదు. నమోదైన నర్సులను, మంత్రసానులను, చట్టము పేర్కొన్న మఱికొన్ని తరగతులవారిని తప్ప ఇతరులను పంపరాదు. ఏ రోగికి ఏ నర్సు తగునో యెంచుపని గుమాస్తాది గాదు. నమోదైన నర్సు గాని, వైద్యుడు గాని స్వయముగా నెంచవలెను, లేదా వారి పర్యవేక్షణమున ఆ యెంపిక జరుగవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, పంపిన మనిషి యోగ్యత లేవో వ్రాతమూలముగా పిలిచినవారి చేతికీయవలెను.

ఆ చివరి విధిని చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు కూర్చుంటిమి. ఒక్క కాగితము! మా అత్తగారికి సూది వేసిన నాటికి అరువదియేండ్లకు పైగా ముందే ఒక దేశపు గృహిణికి ఆ కాగిత మడుగు హక్కు కలదు. అట్టి కాగితము మా చేతికి వచ్చియుండినచో అందు పదవ తరగతి యని యుండెడిది. మేము ఆ అమ్మాయిచేత తల దువ్వించుకొని, అన్నము పెట్టించుకొని, సూదికి మాత్రము నర్సమ్మను పిలిచియుందుము.

తరువాతి కథ కొంత చిక్కుగలది. 2000లో చేసిన సంరక్షణ ప్రమాణముల చట్టము ఇంగ్లండు, వేల్సులలో ఆ పాతచట్టమును తొలగించి, ఏజెన్సీలను క్రొత్త తనిఖీసంఘము క్రిందికి తెచ్చెను. ఆపై 2010నుండి ఇంగ్లండున మఱియొక మార్పు వచ్చెను. ఆస్పత్రులకును ఇతర సంస్థలకును మనుష్యులను సమకూర్చుట మాత్రమే పనిగాగల ఏజెన్సీలు తనిఖీసంఘమున నమోదు కానక్కరలేకపోయెను. వచ్చిన మనిషిని సరిచూచుకొను బాధ్యత పిలుచుకొనిన ఆస్పత్రిపై పడెను. స్కాట్లండు మాత్రము నర్సు ఏజెన్సీల నమోదును విడువలేదు. ఆస్పత్రికి సరిచూచుకొనుటకు అధికారులుందురు. నమోదైన నర్సుల పట్టికను ఎవరైనను చూడవచ్చును. ఇంటిలోని ముసలివారికి అట్టి యధికారి యెవరున్నారు? కనుక ఆస్పత్రికి చాలిన నియమము ఇంటికి చాలదని మేము తలంచుచున్నాము.

ఇంతలో ప్రభుత్వదృష్టి మనిషినుండి ధరమీదికి మరలెను. దానికి కారణము కలదు. అచ్చట 1948 జూలై 5వ తేదీనుండి జాతీయ ఆరోగ్యసేవ నడుచుచున్నది. వైద్యము ప్రజలకు ఉచితము, ఖర్చు ప్రభుత్వముది. స్టాఫర్డు ఆస్పత్రిలో రోగులు పడిన యగచాట్లపై 2013 ఫిబ్రవరిలో ఫ్రాన్సిసుగారి విచారణ నివేదిక వెలువడెను. తగినంతమంది సిబ్బంది లేకుండుట ఆ దుఃస్థితికి గల కారణములలో నొకటియని తేలెను. వెంటనే ఆస్పత్రులన్నియు నర్సులకై పరుగులు తీసినవి. నర్సు గింజనాటిన మూడవనాటికి మొలచునది గాదు, మూడేండ్లు చదువవలెను. ఉద్యోగమునకు రాగలవారు చాలక, ఆస్పత్రులు ఏజెన్సీల గుమ్మము త్రొక్కెను. ఏజెన్సీవారు చెప్పినదే వెల. 2014-15లో తాత్కాలిక ఏజెన్సీ సిబ్బందికి, వైద్యులకు నర్సులకు ఇతరులకు కలిపి, 330 కోట్ల పౌనులు వ్యయమయ్యెను.

అప్పుడు ప్రభుత్వము వెలకు కట్ట వేసెను. 2015 అక్టోబరునుండి ఆమోదము పొందిన ఒప్పందముల ద్వారానే ఏజెన్సీ నర్సులను పిలువవలెననిరి. 2015 నవంబరు 23వ తేదీనుండి గంటకూలికి పరిమితి విధించి, క్రమముగా బిగించి, 2016 ఏప్రిల్ నాటికి స్థిరోద్యోగపు నర్సు మూలవేతనముపై నూటికి 55 మించరాదనిరి. అనగా స్థిరోద్యోగికి గంటకు నూరు వచ్చుచోట ఏజెన్సీకి ఆస్పత్రి ఈయదగినది నూటయేబదియైదు. సెలవుజీతము, పింఛను, బీమా, ఏజెన్సీ రుసుము అన్నియు అందే యిమిడియుండవలెను. రోగి ప్రాణమునకు ముప్పు కలుగునను సమయమున మాత్రము ఆస్పత్రి పరిమితిని దాటవచ్చును. దాటినచో పైవారికి తెలుపవలెను.

ఫలితము లేకపోలేదు. 2017-18 నాటికి ఆ వ్యయము 240 కోట్ల పౌనులకు దిగెను. కాని కుండలో నీరు తక్కువైనపుడు గరిటెకు కొలత పెట్టినంతమాత్రమున దప్పిక తీరునా? వెలకు కట్ట వేసిన ఆ ప్రభుత్వమే, 2017 ఆగస్టునుండి క్రొత్తగా చేరు నర్సింగు విద్యార్థినులకు ఇచ్చుచుండిన వేతనమును మాన్పి అప్పు తీసికొని చదువుకొనుడనెను. చేరగోరువారి దరఖాస్తులు తగ్గెను. 2020 సెప్టెంబరునుండి ఏటికి కనీసము 5,000 పౌనుల సాయము తిరిగి యీయవలసివచ్చెను. కోవిడ్ మహమ్మారి గడచిన పిదప, 2022-23లో, ఏజెన్సీ వ్యయము మరల పెరిగి రమారమి 350 కోట్ల పౌనులకు చేరెను. మరల బిగింపగా మరల తగ్గెను. 2025 జూలైలో ప్రకటించిన పదియేండ్ల ప్రణాళికలో, ఈ పార్లమెంటు కాలము ముగియులోపల ఏజెన్సీ సిబ్బంది వాడుకను పూర్తిగా మాన్పుట తమ లక్ష్యమని ప్రభుత్వము చెప్పెను.

ఇందు నర్సు పక్షమునను ఒక మాట చెప్పవలెను. స్థిరోద్యోగము మాని ఏజెన్సీలో చేరువారందఱు ధనాశచే చేరుదురనుట అన్యాయము. మా ఆడుబిడ్డ కూతురితో పనిచేసిన యొక యామెకు ఇద్దఱు పసిపిల్లలు. రాత్రిపాళ్లు తప్పనిచోట ఆమె యుండలేదు. ఏజెన్సీలో తన దినములు తానే యెంచుకొనును. పనివేళలలో కొంత దయ చూపినచో ఆమె స్థిరోద్యోగము విడువకపోయెడిది. స్త్రీలే యధికముగాగల వృత్తిలో స్త్రీల యింటిపని యెఱుగని నియమములు పెట్టినచో వారు ప్రక్కదారి వెదకికొందురు. వెలకు పరిమితి విధించునపుడు అది ఏజెన్సీ లాభమును కోయుచున్నదా, నర్సు కూలిని కోయుచున్నదా యని చూడవలెను. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున ఈ విచారము చేసిరి. అచ్చటి నర్సు ఏజెన్సీల లైసెన్సు చట్టమును 2022లో సవరించి, ఏజెన్సీ పంపినచోటనే నర్సు స్థిరోద్యోగము సంపాదించుకొనినచో అడ్డుపడు ఒప్పందములు చెల్లవనిరి. మా యింటికి వచ్చిన అమ్మాయి యోగ్యతాపత్రము బీరువాలో బంధింపబడిన సంగతి తలచుకొన్నపుడు ఆ విధి విలువ మాకు తెలిసినది.

ఇక మన దేశము మాట. 1947లోనే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టము చేసికొంటిమి. 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగు, మంత్రసానుల కమిషన్ చట్టమును చేసెను. ఆంధ్రప్రదేశమునకును తెలంగాణమునకును వేర్వేరు నర్సింగు కౌన్సిళ్లు గలవు. నేర్చిన నర్సు అందు నమోదై సంఖ్య పొందును. ఏ.ఎన్.ఎం. శిక్షణ రెండేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు, బి.ఎస్సీ. నాలుగేండ్లు. కాబట్టి జాబితా మనకును కలదు. లేనిది ఆ జాబితాకును మన గుమ్మమునకును నడుమ వంతెన. ఆ నడుమ నిలిచినవాడు ఏజెన్సీవాడు. అతనిని అడుగువారు లేరు.

మన ప్రభుత్వమునకు ఇట్టి కట్టడి చేయుట తెలియక గాదు. 2005లో ప్రైవేటు భద్రతాసంస్థల నియంత్రణ చట్టము చేసిరి. గుమ్మముకడ కావలివానిని పంపు సంస్థకు లైసెన్సు కావలెను. కావలివాని పూర్వచరిత్రను విచారింపవలెను. అతనికి శిక్షణ నిప్పింపవలెను. పరదేశములకు పోవు నర్సుల విషయమునను 2015లో ఒక నిర్ణయము చేసిరి. మధ్యవర్తులు నర్సులనుండి లక్షలు గుంజుచుండగా, ఎమిగ్రేషన్ అనుమతి యవసరమగు 18 దేశములకు వారిని ప్రభుత్వసంస్థల ద్వారానే పంపవలెననిరి. గుమ్మముకడ నిలుచువానిని పంపువానికి లైసెన్సు కలదు. పరదేశమునకు నర్సును పంపువానికి కట్టడి కలదు. మన యింటిలోనికి, మన ముసలివారి మంచము చెంతకు, సూదితో వచ్చు మనిషిని పంపువానికి మాత్రము దేశమంతటికి వర్తించు ప్రత్యేకచట్టము లేదు.

అట్టి చట్టము వచ్చునపుడు అది మొదట వెలనుగూర్చి గాక మనిషినిగూర్చి చెప్పవలెనని మా విన్నపము. ఇంగ్లండు అనుభవమువలన మేము గ్రహించిన దిదియే. వెల తగ్గింపవచ్చును, పెంపవచ్చును. అది కాలమునుబట్టి మారును. కాని వచ్చినది యెవరు, ఏమి నేర్చినది, ఆమెను ఎంచినదెవరు, కీడు జరిగినచో బదులు చెప్పునదెవరు అను నాలుగు ప్రశ్నలు మారవు. నర్సు కానివారు సంరక్షణకు రాగూడదని మేము అనము. ముసలివారికి ఒడలు తుడుచుటకు, లేవనెత్తుటకు, తోడుండుటకు నాలుగేండ్ల చదువక్కరలేదు. అట్టివారికి వేఱొక పేరు, వేఱొక వేషము, వేఱొక కూలి యుండవలెను. చేయదగిన పని యేది, చేయరాని పని యేది అని ఆ కాగితముపై వ్రాసియుండవలెను. అది రోగికెంత రక్షయో ఆ అమ్మాయికి నంత రక్ష.

చట్టము వచ్చునంతవఱకు మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. మనిషికై ఫోను చేసినపుడే, నర్సు కావలెనా, తోడుండు మనిషి కావలెనా యని మనమే ముందు నిశ్చయించుకొందము. సూది, గొట్టము, పుండుకట్టు ఇవి యున్నచో నర్సే కావలెను. వచ్చినామెను కౌన్సిలు నమోదుసంఖ్య అడుగుదము. నేర్చిన నర్సు అందుకు నొచ్చుకొనదు, సంతోషించును. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌వారు నర్సులకు జాతీయసంఖ్య నిచ్చు పద్ధతియు నేర్పరచిరి, అదియు అడుగవచ్చును. ఏజెన్సీవారిని ఆమె యోగ్యతలు, తమ చిరునామా, బాధ్యత వహించువారి పేరు ఒక కాగితముపై వ్రాసి సంతకముచేసి యిమ్మందము. ఈయనిచో మఱియొక చోట అడుగుదము. పదిమంది గృహిణులు అడిగిన కాగితమును పదునొకండవ గృహిణికి వారే తెచ్చియిత్తురు. ఇన్సులిన్ ఉన్న యింట సీసామీది బలమును, సిరంజి మూత రంగును ఇంటివారు స్వయముగా సరిచూడవలెను. కూలిలో ఏజెన్సీ భాగమెంతయో మనిషినే అడిగి తెలిసికొనుట ధర్మము.

మా అత్తగారు ఇప్పుడు చేతికఱ్ఱతో పెరటివఱకు నడుచుచున్నారు. మావారు రెండుమారులు పోయి అడుగగా, పోలీసుల పేరెత్తిన మీదట, బీరువానుండి ఆ యోగ్యతాపత్రము బయటికి వచ్చెను. ఆ అమ్మాయి తెల్లకోటు వారికే తిరిగి యిచ్చివేసి మా యింటనే నెలజీతముపై నున్నది. సూది మాత్రము మేమే నేర్చుకొని వేయుచున్నాము. ఏ.ఎన్.ఎం. శిక్షణకు ఏమేమి కావలెనో మావారు విచారించుచున్నారు. ఆమెకు ఇంటరు చదువు కావలసియున్నది. రాత్రులు అత్తగారి మంచము ప్రక్కనే దీపము పెట్టుకొని చదువుచున్నది. మొన్న నొకనాడు అత్తగారు, "నా ప్రాణము తీయబోయిన పిల్లయే నా ప్రాణము నిలుపుచున్నది" అని నవ్విరి. ఆ అమ్మాయి మాత్రము నవ్వలేదు. అనురాగమునకు ఆమెకడ ఏనాడును కొదువ లేదు. కొదువయైన ఉపచారజ్ఞతను ఆమె సంపాదించుకొనుచున్నది. అది లేనివారిని ఉన్నవారని చెప్పి పంపకుండ చూచుట ప్రభుత్వము పని. గుమ్మముకడ నిలిచి అడుగుట మన పని. ఈ రెండవదానికై మనము ఎవరి యనుమతికిని వేచియుండ నక్కరలేదు.